మనకు పిక్నిక్ సీజన్.. వాటికి పురిటి సీజన్! సిక్కోలు, విజయనగరంలో చలికాలం సందడికి హద్దులు గీసేదెవరు?

కార్తీకం వచ్చిందంటే ఉత్తరాంధ్రలో వనభోజనాల సందడి మొదలైనట్టే. అక్కడి నుంచి డిసెంబర్ 31 రాత్రి, జనవరి ఫస్ట్, సంక్రాంతి, కనుమ.. ఇలా మూడు నెలల పాటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ బీచ్ చూసినా, ఏ రిజర్వాయర్ గట్టు చూసినా జనమే జనం. కళింగపట్నం, బారువ, భావనపాడు, చింతపల్లి బీచ్‌లు, తాటిపూడి రిజర్వాయర్, శాలిహుండం కొండ, సీతంపేట ఏజెన్సీ జలపాతాలు.. అన్నీ కిటకిటలాడతాయి.

ఇందులో తప్పేం లేదు. ఏడాదంతా కష్టపడ్డ కుటుంబం ఒక్కరోజు చెట్టు కింద కూర్చుని భోంచేస్తే ఎవరికి నష్టం? పైగా టికెట్ లేకుండా, రిసార్ట్ బిల్లు లేకుండా సామాన్యుడికి దొరికే సరదా ఇదొక్కటే.

అయితే అసలు చిక్కు ఎక్కడుందంటే.. మనం సరదాకి వెళ్లే ఆ మూడు నాలుగు నెలలే, ఆ చోట్లలో బతికే జీవాలకు గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుకునే కాలం. మనకు సెలవుల సీజన్, వాటికి పురిటి సీజన్. ఈ రెండూ ఒకేచోట, ఒకే టైమ్‌లో జరుగుతున్నాయి. వాటి మధ్య గీత గీసే బాధ్యత ఎవరిదో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

తేలినీలాపురంలో ఏం జరుగుతుంది?

టెక్కలి మండలం తేలినీలాపురం పేరు వినని సిక్కోలు వాసి ఉండడు. వానలు తగ్గే వేళకి గూడబాతులు, అంటే పెలికాన్లు, వాటితో పాటు ఎర్రకాళ్ల కొంగలు గుంపులు గుంపులుగా ఈ ఊరికి చేరతాయి. ఊళ్లో ఉన్న చింత చెట్ల మీదే గూళ్లు కడతాయి. గుడ్లు పెడతాయి. పిల్లలకు రెక్కలొచ్చాక వేసవి ముందు వెళ్లిపోతాయి. అంతర్జాతీయ పక్షి సంరక్షణ సంస్థ బర్డ్‌లైఫ్ గుర్తించిన ముఖ్యమైన పక్షి ప్రాంతాల్లో ఇదొకటి.

వీటిని 'సైబీరియా పక్షులు' అనడం ఇక్కడ అలవాటు. నిజానికి ఈ రెండు జాతులూ దక్షిణాసియాకి చెందినవే. మంచు దేశాల నుంచి చలి తప్పించుకోవడానికి వచ్చిన విహారయాత్రికులు కావివి. మన దేశంలోనే తిరుగుతూ, సంతానం కోసం ఈ ఊరిని వెతుక్కుంటూ వచ్చేవి.

ఈ తేడా చిన్నదేం కాదు. చలికాలం గడపడానికి వచ్చిన పక్షిని బెదరగొడితే అది పక్క చెరువుకి ఎగిరిపోతుంది. గూట్లో గుడ్లున్న పక్షిని బెదరగొడితే అది లేచిన ఆ కాసేపట్లోనే కాకులు, గద్దలు గుడ్లు ఎత్తుకుపోతాయి. రెక్కలు రాని పిల్ల కంగారులో కిందపడితే మళ్లీ గూటికి చేరలేదు. ఒక డ్రోన్ షాట్, ఒక డీజే పాట, చెట్టు కింద పేల్చిన ఒక్క టపాసు.. వీటి ఖరీదు ఆ ఏడాది సంతానం.

ఊరి జనం ఈ విషయాన్ని ఏ శాస్త్రవేత్తా చెప్పకముందే గ్రహించారు. పక్షుల్ని పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకోవడం ఇక్కడ తరతరాల ఆనవాయితీ. పక్షులు రాకపోతే ఆ ఏడు ఊరికి మంచిది కాదనే నమ్మకమూ ఉంది. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలోనూ ఇదే కథ. అక్కడ ఇళ్ల పక్క చెట్ల మీద నత్తగుల్ల కొంగలు గూళ్లు పెడతాయి. రెట్ట వాసన, రెక్కల చప్పుడు, చెట్ల నుంచి జారిపడే చేపలు.. అన్నీ ఓర్చుకుని ఊరు వాటితో కాపురం చేస్తోంది.

మరి బయటి నుంచి వచ్చే టూరిస్టుకి ఈ ఓర్పు ఉంటుందా? కారు దిగి, ఇరవై నిమిషాలు తిరిగి, రీల్ తీసుకుని వెళ్లిపోయేవాడికి ఆ చెట్టు మీద ఏం జరుగుతోందో ఎవరు చెప్పాలి?

దెబ్బ ఒక్కవైపు నుంచే కాదు

పక్షులకు కష్టమంతా టూరిస్టుల వల్లేనంటే అది అన్యాయం. 2021 చివర్లో, 2022 మొదట్లో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. నులిపురుగుల్లాంటి పరాన్నజీవులు కడుపులో చేరడమే కారణమని తేలింది. అవి తిన్న చేపల మీదకు, చుట్టుపక్కల చెరువుల మీదకు అనుమానం వెళ్లింది. టూరిస్టుకి దానితో సంబంధం లేదు.

ఈ పక్షులు మేతకు వెళ్లేది నౌపడ తంపర భూములకు. ఉప్పు మడులు, చిత్తడి నేలలు, చేపల గుంటలు కలిసిన ప్రాంతమది. ఆ తంపరలోనే కాకరాపల్లి థర్మల్ ప్లాంట్ వివాదం నడిచింది. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అంతకు ముందు 2010 జులై 14న సోంపేట బీల భూముల్లోనూ అదే జరిగింది. ఆ బీలను కాపాడుకోవడానికి రైతులు, మత్స్యకారులు నెత్తురు ధారపోశారు. ఇప్పుడు ఇదే సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టు వస్తోంది. 2023 ఏప్రిల్‌లో దానికి శంకుస్థాపన జరిగింది.

అంటే ఇప్పటికే పరిశ్రమలు, పోర్టులు, చేపల చెరువుల ఒత్తిడి ఈ నేల మీద ఉంది. దానికి పైన చలికాలం టూరిజం వచ్చి పడుతోంది. నిండిన కుండలో ఇంకో చెంబు పోసినట్టు. చివరి చెంబుదే మొత్తం తప్పు అనలేం. కానీ కుండ పొంగకుండా ఆపడానికి ముందు చేతికి అందేది ఆ చెంబే. పోర్టు నిర్ణయం రాష్ట్ర స్థాయిలో జరుగుతుంది. పిక్నిక్ ఎలా జరగాలన్నది జిల్లాలోనే, కొంతవరకు ఊరిలోనే తేల్చుకోవచ్చు.

193 కిలోమీటర్ల తీరం.. రాత్రి ఒడ్డుకొచ్చే అతిథి

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరానికి భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో 28 కిలోమీటర్లు. ఈ ఒడ్డుకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. రాత్రిపూట ఇసుకలోకి పాకి, గుంత తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోతాయి. 45 నుంచి 55 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి.

పిల్ల తాబేలుకి దారి చూపేది వెలుగు. రాత్రిపూట సముద్రం మీద ఆకాశం, నేల కన్నా కాస్త వెలుతురుగా ఉంటుంది. అటే పాకుతుంది. ఒడ్డున ఫ్లడ్ లైట్లు, బైకుల హెడ్‌లైట్లు, క్యాంప్ ఫైర్ ఉంటే? అదే సముద్రం అనుకుని ఊరివైపు వస్తుంది. తెల్లారేసరికి కుక్కల పాలో, కాకుల పాలో, ఎండ పాలో అవుతుంది.

గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లి కూడా అంతే. ఒడ్డున కేకలు, లైట్లు కనిపిస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది. ఇక ఇసుక మీద జీపులు, బైకులు తిప్పితే కింద ఉన్న గూడు బిగుసుకుపోతుంది. పిల్లలు పైకి రాలేవు.

ఇక్కడా నిజం చెప్పుకోవాలి. ఏటా ఒడ్డుకు కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లలో చాలావరకు ట్రాల్ వలల్లో చిక్కి ఊపిరాడక పోయినవే. బీచ్‌కి వచ్చిన కుటుంబం వాటిని చంపలేదు. కానీ వలను తప్పించుకుని ఒడ్డు దాకా వచ్చిన ఆ కొద్ది తాబేళ్లకైనా చీకటి, నిశ్శబ్దం దక్కాలి కదా.

ఆలివ్ రిడ్లేకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చోటుంది. అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. ఆ చట్టంలో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు. పక్షులు, సరీసృపాల గుడ్లను, గూళ్లను పాడుచేయడం, కదిలించడం కూడా అందులోకే వస్తుంది. వీడియో కోసం గూడు తవ్వి చూపించేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

2025 ఏప్రిల్‌లో బారువలో బీచ్ ఫెస్టివల్ జరిగింది. తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదలడం అందులో పెద్ద ఆకర్షణ. మంచి ఆలోచనే. తాబేలు ఉన్న తీరం అంటే గర్వపడాల్సిన తీరం అని జనానికి చెప్పినట్టయింది. ఇక మిగతా ఏడాది ఆ తీరంలో రాత్రిపూట లైట్లు ఆపించే పని కూడా అదే ఉత్సాహంతో జరగాలి.

తాటిపూడిలో పారేస్తే వైజాగ్ తాగాలి

తీరం సంగతి అలా ఉంటే, కొండల వైపు ఇంకో కథ. విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో గోస్తనీ నది మీద తాటిపూడి రిజర్వాయర్ ఉంది. చుట్టూ పచ్చటి కొండలు, ఎదురుగా నీళ్లు.. వనభోజనాలకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు. కానీ ఇది ఉత్త పిక్నిక్ స్పాట్ కాదు. విశాఖ నగరానికి తాగునీళ్లు వెళ్లే రిజర్వాయర్.

గట్టు మీద వదిలేసిన ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, మిగిలిన బిర్యానీ, బీరు సీసాలు.. ఇవన్నీ తర్వాతి వానకు నీళ్లలోకే జారతాయి. సరిపడా మరుగుదొడ్లు లేని చోట వందల మంది రోజంతా గడిపితే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. గంట్యాడలో పారేసింది విశాఖ కుళాయి దాకా ప్రయాణం చేస్తుంది. శుద్ధి చేసే ఖర్చు నగరం కడుతుంది. తీసే కష్టం పంచాయతీ పారిశుద్ధ్య కార్మికుడు పడతాడు.

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు లాంటి ఒక్కసారి వాడి పారేసే వస్తువుల మీద 2022 జులై 1 నుంచే దేశమంతటా నిషేధం ఉంది. అయినా పిక్నిక్ మర్నాడు ఏ గట్టు మీద చూసినా ఇవే. విడ్డూరం ఏంటంటే.. అడ్డాకులు, విస్తరాకులు కుట్టి అమ్ముకునే గిరిజన కుటుంబాలు ఈ కొండల పక్కనే ఉన్నాయి. మన తాతల కాలంలో వనభోజనమంటే ఆకులోనే. తిన్నాక పశువు తినేది, లేదంటే మట్టిలో కలిసేది. ఇప్పుడు ఉసిరి చెట్టుకు పూజ చేసి, దాని మొదట్లోనే థర్మాకోల్ ప్లేట్లు వదిలి వస్తున్నారు.

ఏజెన్సీలో మంట, ఏనుగు, రీల్

సీతంపేట ఏజెన్సీలో ఆడలి వ్యూ పాయింట్, మెట్టుగూడ, సున్నపుగెడ్డ జలపాతాలు చలికాలంలో కొత్త హాట్ స్పాట్లు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక ఇవి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. కానీ అక్కడికి వెళ్లే జనంలో ఎక్కువ మంది సిక్కోలు, పాలకొండ, విజయనగరం వైపు నుంచే.

ఇదే ప్రాంతంలో ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు కొన్నేళ్లుగా తిరుగుతున్నాయి. పంటలు పోయాయి. మనుషుల ప్రాణాలూ పోయాయి. ఏనుగులూ చచ్చిపోయాయి. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర విద్యుత్ షాక్‌తో నాలుగు ఏనుగులు ఒకేసారి చనిపోయాయి. ఇలాంటి చోట చీకటి పడ్డాక అడవి అంచున క్యాంప్ ఫైర్ వేసి, స్పీకర్లు పెట్టి పార్టీ చేసుకోవడమంటే ప్రాణాలతో చెలగాటమే. రిజర్వ్ ఫారెస్టులో నిప్పు పెట్టడం రాష్ట్ర అటవీ చట్టం కింద నేరం కూడా.

రీల్ ఒక చోటుని ఎంత వేగంగా మారుస్తుందో చూడాలంటే పక్కనే ఉన్న అల్లూరి జిల్లాకు వెళ్తే చాలు. లంబసింగి, వంజంగి ఒకప్పుడు చుట్టుపక్కల వాళ్లకు మాత్రమే తెలిసిన ఊళ్లు. మంచు మేఘాల వీడియోలు వైరల్ అయ్యాక చలికాలం వీకెండ్‌లో ఘాట్ రోడ్డు నిండా కార్లే. హోమ్‌స్టేలు, టెంట్లు, టీ కొట్లతో స్థానికులకు నాలుగు డబ్బులు వచ్చాయి. అదే వేగంతో ప్లాస్టిక్ కుప్పలూ వచ్చాయి. ముందు జనం వచ్చారు, ఏర్పాట్లు వెనకాల వచ్చాయి. ఆడలి, మెట్టుగూడ విషయంలో ఈ వరస తిరగబడాలి. ముందు ఏర్పాట్లు, తర్వాతే ప్రచారం.

అసలు ఈ భూమి ఎవరిది?

ఇక్కడే అసలు ముడి ఉంది. బీచ్ పోరంబోకు రెవెన్యూది. గూడు చెట్టు ఊరిది, దాని మీద ఉన్న పక్షి అటవీ శాఖది. రిజర్వాయర్ జలవనరుల శాఖది, అందులో బోటు నడిపేది టూరిజం వాళ్లు. శాలిహుండం బౌద్ధ స్తూపాలు పురావస్తు శాఖవి, కొండ కింద రోడ్డు పంచాయతీది. చెత్త తీయాల్సింది మాత్రం ఎప్పుడూ పక్కశాఖే.

శాలిహుండం లాంటి రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్లు మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. చట్టాలకు కొదవ లేదు. కొత్త చట్టం తెమ్మని ఎవరూ అడగక్కర్లేదు. కావాల్సిందల్లా ఫలానా బీచ్‌కి, ఫలానా గట్టుకి ఫలానా అధికారి బాధ్యుడు అని బోర్డు మీద రాసిపెట్టడం.

గేటు పెట్టి టికెట్ కొడితే సరిపోతుందా?

నియంత్రణ అనగానే అధికారులకు గుర్తొచ్చేది ఎంట్రీ ఫీజు. 2023 జులైలో విశాఖ రుషికొండ బీచ్‌కి 20 రూపాయల టికెట్ పెడతామన్నప్పుడు జనం గట్టిగా వ్యతిరేకించారు. సర్కారు వెనక్కి తగ్గాల్సి వచ్చింది. ఆ కోపంలో న్యాయం ఉంది. సముద్రాన్ని చూడటానికి డబ్బు కట్టాలంటే ముందు ఆగిపోయేది కూలి కుటుంబమే. కారులో వచ్చేవాడికి 20 రూపాయలు లెక్క కాదు. చెత్త ఎక్కువ చేసేది మాత్రం ఎక్కువ ఖర్చు పెట్టగలిగేవాడే.

అదే రుషికొండ ఇంకో పాఠం కూడా చెబుతోంది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నిర్వహణ గాడి తప్పడంతో 2025లో అది తాత్కాలికంగా పోయి, లోపాలు సరిచేశాక మళ్లీ వచ్చింది. జెండా ఎగరేయడం ఒక రోజు పని, శుభ్రంగా ఉంచడం రోజూ పని.

కాబట్టి ప్రశ్న 'జనాన్ని రానివ్వాలా, వద్దా' అన్నది కాదు. ఎక్కడికి, ఎప్పుడు, ఎలా రావాలన్నదే.

మిగతా చోట్ల ఎలా దారికి తెచ్చారు?

హిమాచల్‌లో రోహ్‌తంగ్ పాస్ మంచు చూడటానికి వేల కార్లు వచ్చి పొగతో మంచు నల్లబడుతుంటే జాతీయ హరిత ట్రిబ్యునల్ జోక్యం చేసుకుంది. రోజుకు 1,200 టూరిస్టు వాహనాలే వెళ్లాలని పరిమితి పెట్టింది. అమెరికాలో యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో చలికాలం మంచు బండ్ల గోల మీద ఏళ్ల తరబడి కోర్టు కేసులు నడిచాయి. చివరికి 2013లో రోజుకు 110 ట్రిప్పులే అని లెక్క పెట్టారు. సరదా ఆగలేదు, దానికి లెక్క వచ్చింది.

తమిళనాడు నీలగిరుల్లో మద్యం సీసాలు అడవిలో పగిలి ఏనుగుల కాళ్లలో దిగుతుంటే 2022లో ఒక చిన్న చిట్కా పెట్టారు. సీసా మీద 10 రూపాయలు అదనంగా తీసుకుంటారు, ఖాళీ సీసా తిరిగిస్తే ఆ 10 వెనక్కి ఇస్తారు. ఊటీ, కొడైకెనాల్‌కు 2024 మే నుంచి ఈ-పాస్ కూడా వచ్చింది.

అన్నిటికన్నా దగ్గరి పాఠం మన పక్కనే, ఒడిశా చిలికా ఒడ్డున మంగళజోడిలో ఉంది. ఒకప్పుడు పక్షుల వేటగాళ్ల ఊరని పేరు. పాతికేళ్ల కిందట ఆ వేటగాళ్లే పక్షి రక్షణ సమితి కట్టుకున్నారు. ఇప్పుడు ఆ కుటుంబాల వాళ్లే గైడ్లు, పడవ నడిపేవాళ్లు. ఇంజిన్ చప్పుడు లేకుండా గెడ కర్రతో తోసే పడవల్లోనే పక్షుల్ని చూపిస్తారు. పక్షి బతికితేనే తమ ఇంట్లో పొయ్యి వెలుగుతుందని ఊరికి తెలుసు. జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం దాటి కొద్ది గంటలు వెళ్తే వచ్చే ఊరది. తేలినీలాపురం వాళ్లకు అసలు ఆ మలుపు కూడా అక్కర్లేదు. వాళ్లు ఎప్పటి నుంచో రక్షకులే. లేనిదల్లా ఆ కాపలాకు కూలి.

ఈ చలికాలం నుంచే చేయదగ్గ పనులు

కలెక్టర్ల స్థాయిలో, పెద్ద బడ్జెట్ లేకుండానే మొదలుపెట్టగలిగేవి ఇవి:

- చోటు చూపించడం: ప్రతి బీచ్‌లో పిక్నిక్‌కి ఒక భాగం కేటాయించి, అక్కడే పార్కింగ్, మరుగుదొడ్లు, చెత్త డబ్బాలు పెట్టాలి. తాబేళ్లు గుడ్లు పెట్టే భాగాన్ని జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాయంత్రం తర్వాత ఖాళీగా వదలాలి. ఇసుక మీదకు బండి అసలు దిగకూడదు.

- చప్పుడు ఆపడం: తేలినీలాపురం, తేలుకుంచి గూడు చెట్ల చుట్టూ నిశ్శబ్ద ప్రాంతం ప్రకటించాలి. డ్రోన్లు, డీజేలు, టపాసులు వద్దు. చూసేవాళ్లకు దూరం నుంచి బైనాక్యులర్లు అద్దెకిస్తే ఊరికి ఆదాయం, పక్షికి ప్రశాంతత.

- పార్కింగ్ ఫీజు: మనిషికి టికెట్ వద్దు, కారుకు, బస్సుకు పార్కింగ్ ఫీజు చాలు. ఆ డబ్బు జిల్లా ఖజానాకు కాకుండా పంచాయతీకి, చెట్టు కాసే కుటుంబాలకు, చెత్త తీసే కార్మికులకు వెళ్లాలి. సైకిల్ మీద, ఆర్టీసీ బస్సులో వచ్చేవాళ్లకు ఉచితం.

- సీసా డిపాజిట్: తాటిపూడి లాంటి తాగునీటి రిజర్వాయర్ల దగ్గర నీలగిరి పద్ధతి పెట్టొచ్చు. ప్లాస్టిక్ ప్లేట్ల బదులు విస్తరాకులు అమ్మే స్టాల్ మహిళా సంఘాలకు ఇవ్వాలి.

- అడవిలో చీకటి పడే లోపే వెనక్కి: ఏనుగుల సంచారం ఉన్న చోట ఏ రోజు ఏ దారి మూసి ఉందో ఉదయమే ఫోన్‌లో తెలిసేలా చేయాలి. గైడ్లుగా ఆ ఊరి గిరిజన యువతనే పెట్టాలి. గ్రామసభ ఒప్పుకోని చోట టెంట్లు వేయకూడదు.

- నీటి భద్రత: 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. లైఫ్ జాకెట్ లేని బోటు, గజ ఈతగాళ్లు లేని బీచ్ పండుగ రోజుల్లో తెరవకూడదు. వనభోజనాల ఫొటోలు మర్నాడు సంతాప వార్తలు కాకూడదు.

ఎందుకు ఇప్పుడే?

రాష్ట్ర ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానంలో టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. భోగాపురం అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. విమానాలు దిగడం మొదలైతే చింతపల్లి బీచ్‌కి, తాటిపూడికి, అక్కడి నుంచి సిక్కోలు తీరానికి వచ్చే జనం లెక్కే మారిపోతుంది. ఇప్పుడు వనభోజనాల గుంపును సర్దడమే కష్టంగా ఉన్న పంచాయతీ, అప్పుడు ఏం చేస్తుంది? రిసార్టులు కట్టాక హద్దులు గీయడం ఎంత కష్టమో విశాఖ తీరం చూసినవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

వలసలు పోయే జిల్లాలివి. టూరిజం వస్తే సూరత్, చెన్నై, హైదరాబాద్ రైలెక్కే కుర్రాళ్లలో కొందరైనా ఊళ్లోనే ఉంటారు. తిత్లీ తుపాను 2018 అక్టోబర్‌లో ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేశాక ఇక్కడ రెండో ఆదాయం విలువ ఏంటో అందరికీ తెలిసింది. కానీ చూడటానికి వచ్చే పక్షి, తాబేలు, గెడ్డ లేకపోతే ఆ టూరిజం ఎన్నాళ్లు నిలుస్తుంది? జీడితోట కొట్టేసి జీడిపప్పు వ్యాపారం చేయలేం.

హద్దులు పెడితే జనం వినరు అనేవాళ్లకు ఈ తీరమే జవాబు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు, మోటారు బోట్లు సముద్రంలోకి వెళ్లవు. చేప గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేస్తారు. అది వాళ్ల తిండి. పూట గడవడం కష్టమైనా, భృతి ఆలస్యమైనా ఆ గీత దాటడం లేదు.

బతుకుదెరువునే రెండు నెలలు ఆపుకుంటున్నాడు మత్స్యకారుడు. ఆ ఒడ్డుకే సరదాకి వచ్చేవాళ్లను రాత్రిపూట ఒక లైటు ఆపమని, ఒక స్పీకర్ తగ్గించమని, తిన్న ఆకు వెనక్కి తీసుకెళ్లమని అడగడం ఎక్కువేం కాదు. అడగాల్సిన వాళ్లు ముందు అడగాలి. అదీ వచ్చే కార్తీకం లోపే.